విల్లోఫెర్రీలో మా బావ పెంబ్రీ అయిన శనివారం

అక్టోబరు రెండో వారంలో మా సుభద్రక్కయ్య ఫోన్ చేసింది. "ఒరేయ్ భాస్కరం, శుక్రవారానికల్లా నువ్విక్కడ ఉండాలి. మీ బావ వేషం కడుతున్నారు," అంది.

నేనప్పుడు అమెరికాలోనే పార్సిప్పనీ అనే ఊళ్ళో, నాతోపాటు పత్రికలో పనిచేసిన మిత్రుడి కూతురు శ్రావణి ఇంట్లో ఉన్నాను. కార్లు లేనివాళ్ళకు కాళ్ళు లేనట్లే ఉండే ఊరది. కిటికీలోంచి అపార్ట్‌మెంట్ల పార్కింగ్ చూస్తూ రెండు వారాలు గడిపాను. ఎటైనా వెళ్ళే సాకు కోసం చూస్తున్నవాణ్ణే.

"కడితే కట్టనీ అక్కా. కాలేజీలో నాటకాలు వేసినాయనేగా."

"వేషంతో పోతే నేనెందుకు పిలుస్తాను? ఆ పెంబ్రీ సంగతంతా ఊరిముందు నిలబడి చెబుతారట. నువ్వొచ్చి నాలుగు మాటలు చెప్పు. నీ మాటైతే వింటారు."

మా బావ డాక్టర్ రంగనాథం గుంటూరులో చదివి, పంతొమ్మిదివందల డెబ్భైల్లో అమెరికా వచ్చి, న్యూయార్క్ రాష్ట్రం ఎగువన విల్లోఫెర్రీ అనే చిన్న ఊళ్ళో స్థిరపడ్డాడు. నలభై ఏళ్ళు అక్కడి ఆస్పత్రిలో పనిచేసి రిటైరయ్యాడు. ఆ ఊళ్ళో పంతొమ్మిదో శతాబ్దంలో పుట్టిన లూథర్ పెంబ్రీ అనే ఆయన అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో సభ్యుడై, తర్వాత నేపుల్స్ రాజు కొలువులో అమెరికా రాయబారిగా ఉండి వచ్చాడు. తిరిగొచ్చిన రోజు తన ఇంటి వరండాలో నిలబడి ఊరివాళ్ళతో మాట్లాడాడు. ఏటా అక్టోబరులో ఒక శనివారం ఊళ్ళో ఎవరో ఒకరు పెంబ్రీ దుస్తులు వేసుకొని, అదే వరండాలో అదే ఉపన్యాసం చెప్పడం అక్కడి ఆచారం. ఈసారి కమిటీ మా బావను అడిగింది. ఊరి ఉత్సవానికి ఒక తెలుగు డాక్టరు పెంబ్రీ కావడం అదే మొదలు.

శుక్రవారం ఉదయం శ్రావణి నన్ను మన్‌హటన్ వెళ్ళే బస్సు దగ్గర దింపింది. "అంకుల్, ట్రైన్‌లో లెఫ్ట్ సైడ్ కూర్చోండి. రివర్ మొత్తం అటే. చార్జర్ పెట్టుకున్నారా? చపాతీలు పైన జిప్‌లో పెట్టాను," అంది. బస్సు సుమారు గంట పట్టింది. అక్కడినుంచి రైల్వేస్టేషన్‌కు నడిచే వెళ్ళవచ్చు. పెట్టె తేలికగా ఉంటే టాక్సీ అక్కర్లేదు. రైలు టికెట్ ముందుగా బుక్ చేసుకుంటే చవక. శరదృతువులో, అందులోనూ వారాంతాల్లో, చివరి నిమిషంలో దొరకడం కష్టం.

రైలు పదింబావుకు కదిలింది. సొరంగంలోంచి బయటపడేసరికి పొగమంచు. నది ఉందని నమ్మాలి తప్ప కనిపించదు. కిటికీకి అవతల ఎవరో తడి పంచె ఆరేసినట్లు తెల్లగా ఉంది. టికెట్ చూసే ఉద్యోగి నేను దిగవలసిన స్టేషను పేరు చిన్న చీటీ మీద రాసి, నా తలపైన సామాను అల్మరాకు దోపి వెళ్ళాడు. నిద్రపోయినా లేపుతాడని ధైర్యం.

పక్క సీట్లో వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకున్న ఒక వృద్ధురాలు. కాసేపయ్యాక ఆవిడే పలకరించింది.

"మొదటిసారా? ఈ నది రెండువైపులా పారుతుంది తెలుసా? సముద్రం పోటెక్కితే నీళ్ళు వెనక్కి నడుస్తాయి."

"మరి పడవలవాళ్ళకెలా తెలుస్తుంది, ఎప్పుడు ఎటని?"

"తెలిసేదాకా ఒడ్డున కూర్చునేవాళ్ళు," అని నవ్వింది.

పొగమంచు చిరిగినచోట నది ఒక్కసారి వెడల్పుగా బయటపడింది. అవతలి గట్టు మీద ఎరుపు, పసుపు, మళ్ళీ ఎరుపు. చెట్లన్నీ నీళ్ళలో తలకిందులుగా నిలబడి ఉన్నాయి. రైలు నీటి అంచున ఎంత దగ్గరగా పోతుందంటే పట్టాలు కనిపించవు. నీటి మీదే జారుతున్నట్లుంటుంది. చపాతీ, బెండకాయ వేపుడు తిన్నాను. ఎప్పుడు కన్నంటుకుందో తెలియదు. కలలో మా పాత ఆఫీసు ప్రెస్సు తిరుగుతోంది, కాని కాగితాలకు బదులు ఆకులు పడుతున్నాయి. రైలు ఉద్యోగి భుజం తట్టి లేపాడు.

చిన్న స్టేషను. నది ఒడ్డునే ఉంది. మేనకోడలు లహరి కారుతో వచ్చింది. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల. ముప్ఫై దాటాయి, బోస్టన్‌లో లాయరు. తండ్రి వేషం చూడటానికి సెలవు పెట్టి వచ్చింది.

"మామయ్యా, సీట్‌బెల్ట్. మీరు నిజంగా డాడీని ఆపుతారా?"

"మీ అమ్మ అందుకే పిలిచింది."

"నేను డాడీ సైడ్. కానీ మమ్మీ భయం కూడా రాంగ్ కాదు. నేను మండే బోస్టన్ వెళ్ళిపోతా. వాళ్ళిద్దరు ఇక్కడే ఉండాలి కదా. గ్రోసరీ స్టోర్‌లో రోజూ అందర్ని ఫేస్ చేయాలి."

స్టేషను నుంచి విల్లోఫెర్రీకి ముప్పావుగంట. బస్సులు లేవు. వెళ్ళదలచినవాళ్ళు కారు అద్దెకు తీసుకోవాలి. ఊళ్ళో హోటళ్ళు కూడా లేవు, ఒక పాత సత్రంలాంటి ఇంట్లో నాలుగు గదులు అద్దెకిస్తారు. ఒకటే వీధి, దాని చివర నదిలో కలిసే ఒక వాగు, వాగు దగ్గర ఎత్తు మీద పెంబ్రీ ఇల్లు. తెల్ల రంగు చెక్క ఇల్లు, వెడల్పాటి వరండా. మా అక్కయ్య ఇల్లు దానికి నాలుగిళ్ళ అవతల.

బావ గుమ్మంలోనే ఎదురయ్యాడు. డెబ్భై ఏడేళ్ళు వచ్చినా నడుం వంగలేదు. తలమీద పొడుగు నల్ల టోపీ, ఒంటిమీద ఇంటి స్వెట్టరు.

"రావోయ్ బామ్మర్దీ! మీ అక్క రాయబారం పంపిందన్నమాట."

"టోపీ తీసి మాట్లాడు బావా. ఎవరితో మాట్లాడుతున్నానో తెలియాలిగా."

"అదే ఇక్కడి రూలు కూడా. టోపీ ఉంటే పెంబ్రీ, తీస్తే రంగనాథం."

అక్కయ్య వంటింట్లోంచి కేకేసింది. "ఆ టోపీ పొద్దుట్నుంచీ తీయలేదురా. కాఫీ కూడా దానితోనే తాగారు."

సాయంత్రం వెలుగుండగానే బావ నన్ను పెంబ్రీ ఇంటికి తీసుకువెళ్ళాడు. దాన్నిప్పుడు చిన్న ప్రదర్శనశాలగా ఉంచారు. వారాంతాల్లో తెరుస్తారు, ప్రవేశానికి తోచింది డబ్బాలో వేయవచ్చు. ఉత్సవం కోసం ఆ రోజు తాళంచెవి బావ దగ్గరే ఉంది. లోపల మైనం వాసన, పాత చెక్క వాసన. గోడమీద నేపుల్స్ అగ్నిపర్వతం బొమ్మ. కింద ఆయన రాజుముందుకు వెళ్ళినప్పుడు వేసుకున్న కోటు, గాజు పెట్టెలో. చేతులు చాచి ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్లుంది.

బావ నెమ్మదిగా ఒక్కో గదీ చూపిస్తూ పెంబ్రీ కథ చెప్పాడు. తండ్రి ఈ వాగు దగ్గరే పడవ నడిపేవాడు. కొడుకు బడిపంతులై, దాచిన జీతంతో న్యాయశాస్త్రం చదివాడు. కోర్టులో మాట బాగుందని ఊరివాళ్ళు రాష్ట్ర శాసనసభకు పంపారు. అక్కడినుంచి వాషింగ్టన్. బానిసత్వం ఈ దేశానికి పట్టిన రోగమని మొదటి ఎన్నికలో ఊరూరా చెప్పాడట. రెండోసారి గెలిచాక సభలో ఒక బిల్లు వచ్చింది. దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన బానిసలను ఉత్తరాదివాళ్ళు పట్టుకొని యజమానులకు అప్పగించి తీరాలని. పెంబ్రీ దానికి అనుకూలంగా ఓటు వేశాడు. ఆ తర్వాత కొంతకాలానికే నేపుల్స్ పదవి వచ్చింది. నాలుగేళ్ళు అక్కడ ఉన్నాడు. అధికారం మారి వేరేవాళ్ళు రాగానే వెనక్కి పిలిచారు. అప్పట్లో రాయబారి పదవులన్నీ పార్టీ మనుషులకిచ్చే బహుమానాలే. ఇంటికొచ్చి వరండా మీద మాట్లాడాడు. రాజభవనాలన్నీ చూశాననీ, వాటన్నిటికంటే ఈ మెట్లే నచ్చాయనీ దాని సారాంశం. ఊరు చప్పట్లు కొట్టింది. ఇప్పటికీ కొడుతూనే ఉంది.

"ఓటు సంగతి ఊళ్ళో తెలియదా?" అని అడిగాను.

"చదువుకున్నవాళ్ళందరికీ తెలుసు. సభ రికార్డుల్లోనే ఉంది. పైకి ఎవరూ అనరు."

"మరి నీకెందుకు బావా ఇప్పుడు?"

బావ మెట్లమీద కూర్చున్నాడు. నది మీదినుంచి చల్లగాలి. "పోయినేడు పెంబ్రీగా వేసినాయన బ్యాంకు మేనేజరు. ఉపన్యాసం అయ్యాక ఎవరైనా ప్రశ్నలడగొచ్చు, పెంబ్రీ 'నేను' అని జవాబు చెప్పాలి. ఇది కూడా ఆచారమే. ఒక నల్లావిడ లేచి, ఆ బిల్లుకు మీరెలా ఓటు వేశారని అడిగింది. కొత్తగా వచ్చిన టీచరు. ఈయన నవ్వి, తర్వాతి ప్రశ్న అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వానేమో, గుర్తులేదు. ఆవిడ కూర్చుంది. మళ్ళీ అడగలేదు. నన్నీ వేషం కట్టమన్నప్పుడు మొదట గుర్తొచ్చింది ఆవిడ ముఖమే. ఉపన్యాసంలో రెండు వాక్యాలు కలుపుతాను. అంతకంటే ఏం లేదు."

ఆవిడను మళ్ళీ చూశావా అని అడిగాను. ఎండాకాలంలో ఉద్యోగం మారి వేరే ఊరు వెళ్ళిపోయిందన్నాడు.

రాత్రి భోజనం దగ్గర విషయం తేలిపోవాలని అక్కయ్య నిశ్చయించుకుంది. గుత్తివంకాయ కూర వడ్డిస్తూనే మొదలుపెట్టింది.

"నలభై ఏళ్ళలో ఈ ఊళ్ళో మనల్ని ఒక్కమాట అన్నవాళ్ళు లేరు. మంచు పడితే పక్కింటి వాల్టర్ మన వాకిలి కూడా తోస్తాడు. మీ ఆస్పత్రి నర్సు మార్జరీ నా కాన్పుకి పక్కనుంది. వాళ్ళ పెద్దమనిషిని వాళ్ళ వాకిట్లో నిలబెట్టి మనం తప్పుపడితే ఎలా ఉంటుంది? ఎక్కడినుంచో వచ్చి మాకు నీతులు చెబుతున్నారనుకోరూ?"

"నలభై ఏళ్ళయ్యాక కూడా ఎక్కడినుంచో వచ్చినవాళ్ళమేనా, సుభద్రా?"

"అదే తేలుతుంది రేపు. నాకు తేల్చుకోవాలని లేదు."

లహరి ఏదో అనబోతే నేను వద్దని సైగ చేశాను. అక్కయ్య నావైపు చూసింది. నేను చెప్పవలసిన నాలుగు మాటలు రైల్లోనే తయారుచేసుకున్నాను గాని, ఆ మెట్ల దగ్గర బావ మొహం చూశాక అవి నోట్లోంచి రాలేదు. "ఇద్దరి మాటా నిజమే," అన్నాను. ఇంత దూరం వచ్చి అంతకంటే పనికిమాలిన మాట చెప్పలేను.

"ఉపన్యాసంలో ఒక్క అక్షరం కూడా కలపనని మాటివ్వండి," అంది అక్కయ్య.

బావ కంచం ముందుకు నెట్టాడు. "సరే. కలపను," అన్నాడు. పెరుగన్నం తినకుండానే లేచాడు. గెలిచిన అక్కయ్య కూడా పెరుగు వేసుకోలేదు.

మర్నాడు ఎండ బాగా కాసింది. పదకొండు గంటలకు జనం ఎవరి మడతకుర్చీలు వాళ్ళు పట్టుకొని వచ్చారు. గడ్డిమీద ఆకులు, ఆకులమీద కుర్చీలు. ఊరి బ్యాండు ఏదో పాత బాణీ తడబడుతూ వాయిస్తోంది. బల్లల మీద ఆపిల్ పూర్ణం పెట్టి కాల్చిన పై ముక్కలు, సైడర్ అనే వేడి ఆపిల్ రసం. అక్కయ్య కట్టిన కనకాంబరం రంగు చీర ఆ చెట్ల మధ్య మరో చెట్టులాగే కలిసిపోయింది. నన్ను మార్జరీ పక్కన కూర్చోబెట్టారు. బావతో ముప్ఫై ఏళ్ళు ఆస్పత్రిలో పనిచేసిన నర్సు, ఇప్పుడు ఉత్సవ కమిటీ అధ్యక్షురాలు. సన్నగా, నిటారుగా ఉంది. ముందు వరుసలో వాల్టర్. హైస్కూల్లో ఫుట్‌బాల్ కోచ్‌గా చేసి రిటైరైన భారీ మనిషి.

"మీ బావగారికి రాత్రి నిద్రపట్టిందా?" అని మార్జరీ అడిగింది.

"పట్టలేదనుకుంటాను."

"ఎవరికీ పట్టదు. అధ్యక్షురాలిగా నేను తొమ్మిది మంది పెంబ్రీలను చూశాను. బ్యాంకు మేనేజరు ముందురోజు వాంతి చేసుకున్నాడు," అంది.

ఇంటి తలుపు తెరుచుకుంది. నల్ల కోటు, మెడకు తెల్ల గుడ్డ, చేతికర్ర, టోపీ. బావ బయటికొచ్చి వరండా అంచున నిలబడ్డాడు. ఎండ మొహం మీద పడింది. ఒక్క క్షణం నాకు ఇదంతా రైల్లో కునుకుపాటులో చూస్తున్నట్లనిపించింది. గుంటూరు మనిషి అమెరికా నది ఒడ్డున, పోయినవాడి కోటులో, మూడు కాలాలు ఒకేచోట నిలబడినట్లు. బ్యాండు ఆగింది. "నేను ఈ వీధిలో మూడో ఇంట్లో పుట్టాను," అని బావ మొదలుపెట్టాడు. ఎవరూ నవ్వలేదు. పుట్టినట్లే ఉంది.

ఆ ఉపన్యాసం మనకు దొరికింది ఊరి పత్రిక విలేకరి రాసుకున్నందువల్ల. ఆ కాలపు పత్రికలు ఒక్కో పార్టీ తరఫున నడిచేవి. మన దగ్గర కూడా ఆ పద్ధతి ఎరగనిది కాదు. అది పెంబ్రీ పార్టీ పత్రిక, అందుచేత అచ్చులో ఆయన గొంతుకు ఎక్కడా తొట్రుపాటు లేదు. సముద్రం మీద తుఫాను, నేపుల్స్ రేవులో తెల్లవారుజాము, పొగలు కక్కే కొండ, రాజభవనంలో కాళ్ళు జారే చలువరాళ్ళ మెట్లు. మొదట బావ గొంతు బాగానే పలికింది. రాజభవనం దాటి ఇంటి మెట్ల దగ్గరికి వచ్చేసరికి అందులోంచి ప్రాణం పోయింది. ఒక్క అక్షరం కలపలేదు. ఎడమచెయ్యి కోటు జేబులో పెట్టుకున్నాడు. బాధగా ఉంటే బావ అలాగే చేస్తాడు. నాకు తెలుసు, అక్కయ్యకు నాకంటే ఎక్కువ తెలుసు.

చప్పట్లు కొట్టారు. ప్రశ్నలు మొదలయ్యాయి.

"మిస్టర్ పెంబ్రీ, నేపుల్స్‌లో ఏం తినేవారు?" ఎవరో పెద్దమనిషి అడిగాడు.

"మకరోనీ. మూడుపూటలా," అన్నాడు బావ. నవ్వులు.

"రాజుగారు మంచివాడేనా?"

"నాకు భోజనం పెట్టినప్పుడల్లా మంచివాడే." మళ్ళీ నవ్వులు.

వాల్టర్ గట్టిగా అరిచాడు. "పెంబ్రీగారూ, మీ వాకిట్లో మంచు తోసేదెవరు?"

"పక్కింటాయన. నా కంటే బలమైనవాడు, తెలివి తక్కువవాడు." వాల్టర్ అందరికంటే పెద్దగా నవ్వాడు.

ఇంకెవరూ లేరా అన్నట్లు మార్జరీ చుట్టూ చూసింది. బ్యాండువాళ్ళు వాయిద్యాలు అందుకున్నారు. అప్పుడు నాకు రెండు కుర్చీల అవతల అక్కయ్య లేచి నిలబడింది. "ఏమండీ," అంది. యాభై ఏళ్ళ అలవాటు. వెంటనే నాలుక కరుచుకొని ఇంగ్లీషులోకి మారింది. "మిస్టర్ పెంబ్రీ. పారిపోయి వచ్చిన బానిసలను పట్టివ్వాలన్న బిల్లుకు మీరెలా ఓటు వేశారు?"

గడ్డిమీద గాలి ఆకులను కొంచెం జరిపింది. లహరి నా మోచెయ్యి పట్టుకుంది. బావ భార్యవైపు చూసిన చూపును నేను రాయలేను. జేబులోంచి చెయ్యి తీశాడు. గోడవార ఉన్న చెక్కకుర్చీని వరండా అంచుదాకా లాక్కొచ్చి, దానిమీద కూర్చున్నాడు. మోకాళ్ళమీద చేతులు పెట్టుకొని ముందుకు వంగాడు.

మార్జరీ నావైపు వంగింది. "అయ్యో," అంది చాలా మెల్లగా. "కూర్చున్నారు."

"అంటే?"

"ఇండియా నుంచి కొత్తగా వచ్చినప్పుడు రోగం సంగతి రోగికి చెప్పేవారు కాదు. బయటికొచ్చి బంధువులకు చెప్పేవారు. అక్కడ అంతేనట కదా. ఇక్కడ కుర్చీ లాక్కుని, కూర్చుని, రోగికే చెప్పాలని నేనే నేర్పాను. నిలబడి ఎప్పుడూ చెప్పలేదు ఆ తర్వాత. ఆయన కుర్చీ లాగారంటే వార్డంతా ఊరుకునేది."

బావ మాట్లాడాడు. ఉపన్యాసం గొంతు కాదు, ఒక మనిషితో ఒక గదిలో మాట్లాడే గొంతు. అయినా చివరి వరుసదాకా వినిపించింది.

"అవునని వేశానమ్మా. ఎవరు పట్టుబడతారో నాకు తెలుసు. వాళ్ళ పేర్లు తెలియవు, అంతే. దేశం ముక్కలు కాకూడదని వేశానని అప్పట్లో చెప్పాను. కొన్నాళ్ళకు నాకు నేపుల్స్ ఇచ్చారు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి మీరే చూసుకోండి. అంతకంటే ఎక్కువ నేను చెబితే అబద్ధమవుతుంది. ఈ వరండా మీద నిలబడి ఎన్నోసార్లు రాజభవనం మెట్ల గురించి చెప్పాను, దీని గురించి చెప్పలేదు. అడిగినావిడకు కూడా చెప్పలేదు. మీరంతా ఇప్పుడొచ్చి నాకు వెల్కమ్ హోమ్ అంటారు. ఆ మాట తీసుకునేముందు ఇది మీకు తెలియాలి."

పాత్రికేయుడిగా నా జీవితంలో చాలా ప్రకటనలు విన్నాను. సాక్ష్యం ఎక్కడ ఆగిందో అక్కడే ఆగిన ప్రకటనలు తక్కువ.

ఆ తర్వాత జరగవలసింది వరుస. జనం ఒక్కొక్కరే మెట్లెక్కి, పెంబ్రీకి చెయ్యిచ్చి, వెల్కమ్ హోమ్ మిస్టర్ పెంబ్రీ అనాలి. అధ్యక్షురాలు ముందు వెళ్ళాలి. మార్జరీ కదల్లేదు. ఎవరూ కదల్లేదు. వాల్టర్ లేచాడు. కుర్చీ మడిచాడు. మడిచిన చప్పుడు అందరికీ వినిపించింది. చంకలో పెట్టుకొని, గడ్డి దాటి, తన ఇంటివైపు నడిచాడు. అతని వెనక ఇంకో నాలుగైదు కుటుంబాలు. కార్ల తలుపులు పడ్డాయి. అక్కయ్య ఇంకా నిలబడే ఉంది. కూర్చోవడం మరిచిపోయినట్లుంది.

బావ టోపీ తీసేస్తే ఉత్సవం అయిపోయినట్లే. తీయలేదు. కుర్చీలోంచి లేచి, చేతులు కట్టుకొని, మెట్లపైన ఎదురుచూస్తూ నిలబడ్డాడు.

మార్జరీ స్కర్టు మీది ఆకులు దులుపుకుంది. "ఆయన చెప్పాక ఎవరో ఒకరు చెయ్యి పట్టుకోవాలి. అదీ నేనే నేర్పాను," అని తనలో తను అనుకుంటున్నట్లు అని, లేచి మెట్లెక్కింది. ఆవిడ వెనక లైబ్రరీలో పనిచేసే ఆయన, ఆ వెనక పాత పేషంట్లు, పిల్లలనెత్తుకున్న వాళ్ళు. బ్యాండు ఆలస్యంగా అందుకుంది. ఏటా గేటు దాటి వీధిలోకి పోయే వరుస ఈసారి మేపుల్ చెట్టు దగ్గరే ఆగిందని లహరి చెప్పింది. పోయినేటి పెంబ్రీ, ఆ బ్యాంకు మేనేజరు కూడా నిలబడ్డాడు. చెయ్యిచ్చాడు గాని వెల్కమ్ హోమ్ అనలేదు.

చివరగా అక్కయ్య వెళ్ళింది. చీర కుచ్చెళ్ళు పట్టుకొని మెట్లెక్కి, చెయ్యి చాపింది. అక్కయ్య బావకు కరచాలనం చేయడం నేను పెళ్ళినాడు కూడా చూడలేదు. "వెల్కమ్ హోమ్, మిస్టర్ పెంబ్రీ," అంది. బావ టోపీ తీశాడు.

ఇంటికి నడుస్తుంటే అడిగాను. "నన్ను అంత దూరంనుంచి పిలిపించి, మాట తీసుకొని, చివరికి నువ్వే అడిగావేమిటే అక్కా?"

"అడక్కపోతే జన్మంతా నా మీద సణుగుతారు," అంది. నాలుగడుగులు వేశాక గొంతు మారింది. "మాట తీసుకుంది కలపొద్దని. అడిగితే చెప్పొద్దని కాదుగా. జవాబు ఆయన గొంతులో అడ్డం పడింది. పోయినేడు ఆవిడ అడిగితే అందరం ఊరుకున్నాం. ఈసారి ఎవరో ఒకరు అడగాలి కదరా."

"భయం పోయిందా?"

"ఎక్కడ పోయింది? వాల్టర్ కుర్చీ మడిచిన చప్పుడు ఇంకా చెవుల్లోనే ఉంది."

బావ ఆ రాత్రి పెరుగన్నం రెండుసార్లు వడ్డించుకున్నాడు. పక్కింటి వరండా దీపం వెలగలేదు. రోజూ వెలుగుతుందట. భోజనం మధ్యలో రెండుసార్లు అక్కయ్య లేచి కిటికీ దగ్గరికి వెళ్ళొచ్చింది.

ఆదివారం పొద్దున బావే నన్ను స్టేషనుకు దింపుతానన్నాడు. అక్కయ్య కూడా కారెక్కింది. కారు వాకిట్లోంచి వెనక్కి తిప్పుతుంటే వాల్టర్ తన ముంగిట్లో ఆకులు ఊడుస్తూ కనిపించాడు. ఎప్పుడూ చెయ్యెత్తి పలకరించే మనిషి, మావైపు చూడలేదు. బావ కారాపి దిగాడు. "ఎందుకండీ ఇప్పుడు," అని అక్కయ్య అంటూనే ఉంది. కంచె దగ్గర ఇద్దరు ముసలివాళ్ళూ నిలబడ్డారు. వాల్టర్ చీపురు కిందపెట్టలేదు. చెయ్యివ్వలేదు. కాసేపయ్యాక మా ఇంటి కప్పువైపు వేలు చూపించాడు. ఇద్దరూ తలెత్తి అటే చూశారు. బావ తిరిగొచ్చి స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

"ఏమన్నాడు బావా?"

"మన చూరు కింది వాననీటి గట్టర్లో ఆకులు నిండాయట. మంచు పడకముందే తీయించుకోమన్నాడు."

"నిన్నటి సంగతి?"

"ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఇవాళ్టికి చాలు."

"చాలదు," అంది వెనక సీట్లోంచి అక్కయ్య. "సాయంత్రం పులుసు పంపిస్తాను. గిన్నె తిరిగివ్వడానికైనా రావాలి కదా."

రైలు పన్నెండున్నరకు. తిరుగు ప్రయాణంలో నదికోసం కుడివైపు కూర్చోవాలి. ఈసారి పొగమంచు లేదు. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఒక తెల్ల పడవ రైలుతో కలిసి కొంతదూరం వచ్చి వెనకబడింది. ఇదే నదిమీద పెంబ్రీ రాజుగారి దగ్గరికి వెళ్ళి ఉంటాడు, ఇదే నదిమీద తిరిగొచ్చి ఉంటాడు. ఉద్యోగ జీవితమంతా నాయకుల జీవిత విశేషాలు రాశాను. ఫలానా ఏడాది ఎన్నికయ్యారు, ఫలానా పదవిలో నియమితులయ్యారు, ఫలానా దేశంలో సేవలందించారు. మనిషి పోయిన గంటలో పేజీకి సరిపడా తయారుచేసేవాళ్ళం. పెంబ్రీ బతుకు కూడా అలాగే పదవుల వరుసగా నిలిచిపోయింది. ఆ ఒక్క ఓటు ఏ వరుసలోనూ పట్టలేదు. దాన్ని పట్టించడానికి ఒక గుంటూరు డాక్టరు కుర్చీ లాక్కోవలసి వచ్చింది, ఒక ఇల్లాలు భయపడుతూనే లేవవలసి వచ్చింది. వచ్చే అక్టోబరులో వరుస గేటుదాకా పోతుందో, మేపుల్ చెట్టుదాకా కూడా రాదో నాకు తెలియదు. మా అక్కయ్యకూ తెలియదు. తెలియకుండానే వాళ్ళక్కడ గట్టర్లు బాగుచేయించుకుంటారు, చలికాలానికి తయారవుతారు.

మధ్యలో ఒక స్టేషనులో నా పక్కన ఒక నడివయసు ఆయన ఎక్కాడు. కోటు తీసి మడిచి, సర్దుకొని కూర్చొని, మర్యాదకు అడిగాడు.

"ఎక్కడినుంచి వస్తున్నారు?"

ఈ దేశంలో నన్నీ ప్రశ్న అడిగినవాళ్ళందరికీ ఇండియా నుంచి అనే జవాబే ఇన్నాళ్ళూ చెబుతూ వచ్చాను.

"విల్లోఫెర్రీ నుంచి," అన్నాను. "మా అక్కయ్యావాళ్ళ ఊరు."